చెడిపోయిన డర్టు బైకును మఱియొక బైకుతో లాగుట

రాళ్లమీదను, ఇసుకలోను, బురదలోను, అడవిదారులలోను నడపుటకై నిర్మింపబడిన తేలికపాటి మోటారుసైకిలునకు డర్టు బైకని వ్యవహారము. ఇట్టి బైకు చెడిపోవు తావులకు లారీగాని ట్రాలీ ఆటోగాని చేరజాలదు గనుక, సహచరుని బైకునకు పట్టీ తగిలించి దానిని రోడ్డుదాక లాగించుకొనివచ్చుట ఈ క్రీడను చిరకాలము సాగించువారికి తప్పని కార్యము. కారును కారు లాగునప్పుడు పగ్గము బిగిసినను సడలినను వెనుకబండి తన నాలుగు చక్రములమీద నిలిచియే యుండును. రెండు చక్రముల బండి యట్లు కాదు. దాని నిలుకడ యంతయు గమనవేగముమీదను, చోదకుడు హ్యాండిలును క్షణక్షణము సవరించుకొనుటమీదను ఆధారపడియుండును గావున, ముందునుండి వచ్చు లాగుడు కొంచెము ప్రక్కకు మళ్లినను బండి కూలిపోవచ్చును. కాబట్టి ఈ పద్ధతికి మూలసూత్రమొక్కటియే: పట్టీ ముందుకొనను కట్టవచ్చును, వెనుకకొనను ఎన్నడును కట్టరాదు. విడిచిపెట్టు అధికారము లాగబడువాని వశమున ఉండి తీరవలయును.

ఇందులకు అనుభవజ్ఞులు మెచ్చు ఉపాయము ఫుట్‌రెస్టును వాడుట. చెడిన బైకు ఎడమ ఫుట్‌రెస్టుకు పట్టీని రెండు మూడు చుట్లు చుట్టి, ముడి వేయక, మిగిలిన కొనను బూటుక్రింద అదిమిపట్టుదురు. చుట్లవలన గలుగు ఒరపిడియే లాగుబలమున అధికాంశమును భరించును గనుక మోపిన కాలి బరువు చాలును. కాలెత్తినంతనే చుట్లు వీడి పట్టీ జారిపోవును. ఎడమవైపే యేల యనిన, కుడికాలిక్రింద వెనుకబ్రేకు పెడలున్నది, ఆ కాలిని నిర్బంధింపరాదు. ఎడమవైపున నుండు గేరు పెడలుతో న్యూట్రలులో నున్న బైకునకు పనిలేదు. ముందుబైకున పట్టీని కుడి ఫుట్‌రెస్టు మొదట ఉచ్చువేసి తగిలించినచో వెనుకబైకు ఒకింత కుడిప్రక్కకు జరిగి నడచును. దానివలన పట్టీ ముందుబైకు చక్రమునకు ఎడముగా సాగుటయేగాక, వెనుక చోదకునికి రానున్న రాయియు గుంటయు కనబడును. కొందఱు హ్యాండిలునకు చుట్టి కొనను ఎడమచేత పట్టుకొందురు. క్లచ్చితో పనిలేని ఆ చేయి ఖాళీగానే యుండుననుట నిజమే. కాని హ్యాండిలు చివరను చుట్టిన పట్టీ బండిని తిప్పివేయును. నడుమ, ఫోర్కుల పైనున్న బిగింపునొద్ద చుట్టినప్పుడే అది సహింపదగినది. లాగుడు గురుత్వకేంద్రమునకు ఎంత దగ్గరగా తగిలిన బండి అంత నిశ్చలముగా వచ్చును గనుక ఫుట్‌రెస్టు పద్ధతియే శ్రేష్ఠమని నిస్సంశయముగా చెప్పవచ్చును.

పట్టీ 25 మిల్లీమీటర్ల వెడల్పును, 3 మొదలు 5 మీటర్ల పొడవును గల చదునైన నైలానుది కావలయును. నైలాను కొంచెము సాగి కుదుపును తగ్గించును. పాలియెస్టరు అంతగా సాగదు. సామాను కట్టు రబ్బరు తాడు మాత్రము బొత్తిగా కూడదు. అది సాగి బలమును కూడబెట్టుకొని, తెగినప్పుడుగాని జారినప్పుడుగాని కొరడావలె చోదకుని ముఖముమీదికి వచ్చును. ఇనుప కొక్కెములున్న పట్టీయు అంతే అపాయకరము. గుండ్రని తాడు బరువు పడినకొలది తన చుట్లలో తానే బిగిసి విడువనొల్లదు. మంచి పట్టీయైనను వేడి సైలెన్సరును తాకినచో కరగి తెగును. చైనులోనో చక్రపు చువ్వలలోనో పడినచో రెండు బండ్లకును ముప్పు. మడ్‌గార్డుకు, నంబరు పలకకు తగిలించుట వ్యర్థము. చట్రమునకు గట్టిగా బిగింపబడిన భాగమే ఆధారము కావలయును.

బైకు ఏల ఆగినదో తెలియకయే లాగుటకు పూనుకొనరాదు. పెట్రోలు తీరుటయో, విద్యుత్తు అందకపోవుటయో అయినచో న్యూట్రలులో వేసిన చాలును. తెగిన చైనును పూర్తిగా తీసి సంచిలో వేసికొనవలయును. అది ముందు పళ్లచక్రముచుట్టు చుట్టుకొనినచో ఇంజను పెట్టెనే పగులగొట్టగలదు. గేరుపెట్టె పట్టివేసి న్యూట్రలు పడనప్పుడు చైను ఊడదీసినగాని వెనుకచక్రము తిరుగదు. బ్రేకులు పనిచేయనప్పుడును, చక్రపు బేరింగు విరిగినప్పుడును, ఫోర్కు వంగినప్పుడును లాగుట తగదు. అట్టి బైకును అచ్చటనే విడిచి సాయమునకై పోవుట వివేకము.

ముందువాడు బలమునిచ్చువాడు మాత్రమే; ప్రయాణమును నిజముగా నడపువాడు వెనుకనున్నవాడు. కనుక ఇద్దఱిలో నేర్పు ఎక్కువయు అలసట తక్కువయు గలవాడు చెడిన బైకు నెక్కుట మేలు. ముందువాడు మొదటి గేరులో క్లచ్చిని మెల్లగా విడుచుచు పట్టీ వదులు తీరువఱకు అతిమందముగా సాగి, అది బిగిసిన పిదపనే ఇంజనునకు బలమీయవలయును. అటుపిమ్మట పట్టీని సడలనీయకుండుట వెనుకవాని వంతు. వెనుకబ్రేకును సుతారముగా తాకుచు అతడు దానిని సదా బిగువుగా నుంచవలయును, ఏలయనగా సడలిన పట్టీ ముందు తన చక్రముక్రిందికే పోవును, మరల బిగియునప్పుడు కలుగు కుదుపు ఇద్దఱను పడవేయును. దిగుడున వెనుకబైకు ముందుదానిని తఱుముకొనిపోవును; అచ్చట రెండు బండ్లకు చాలిన బ్రేకు వెనుకవాడే వేయవలసియుండును, దిగుడు నిటారైనచో పట్టీ విడిచి ఎవరికి వారు దిగుట క్షేమము. మలుపులలో వెనుకబైకు లోపలివైపునకు కోసికొనిపోవును గనుక ముందువాడు విశాలముగా తిరుగవలయును. చదునైన మట్టిదారిలో గంటకు 20 కిలోమీటర్లు మించనక్కరలేదు; రాళ్లలో మనిషి నడక చాలును. అంత మందగతిలో రేడియేటరునకు గాలి తగులదు, క్లచ్చి పలకలు వేడెక్కును, అందుచేత నడుమనడుమ ఆగి ఇంజనును చల్లారనీయవలయును. పెక్కు డర్టు బైకులకు హారను ఉండదు. ఆగుటకును విడుచుటకును చేతిసంజ్ఞలు బయలుదేఱుటకు ముందే నిర్ణయించుకొనవలయును.

ఇట్లు లాగుట పందెములలో అన్నిచోట్ల చెల్లదు. అడవిదారులలో సాగు ఎండ్యూరో అను అంతర్జాతీయ పందెములలో బైకు తన ఇంజనుచేతను, చోదకుని కండబలముచేతను, ప్రకృతిశక్తులచేతను తప్ప సాగరాదు. అంచెలంచెలుగా పెక్కుదినములు సాగు డకార్ ర్యాలీ అను పందెములో మాత్రము పోటీదారుని పోటీదారుడు లాగుట కలదు. 2015లో ఎనిమిదవ అంచె బొలీవియాలోని ఉయుని ఉప్పుమైదానమునుండి చిలీలోని ఇకీకేకు సాగగా, అప్పటికి అగ్రస్థానమున నున్న స్పెయిను చోదకుడు జోన్ బరేదా హోండా బైకు ఇంజను చెడినది. సముద్రమట్టమునకు 3,600 మీటర్లకు పైని ఆ తెల్లని మైదానమున జట్టులోని చిలీ చోదకుడు జెరెమియాస్ ఇస్రాయెల్ అతనిని లాగుకొనిపోయెను. బరేదా గంటల కాలమును కోల్పోయెను, అగ్రస్థానము మఱియొక పోటీదారుడైన మార్క్ కోమాకు దక్కెను, ఆ యేటి విజయమును కోమాదే అయ్యెను. చదునైన ఉప్పునేలపై పట్టీ సడలు సందర్భములు అరుదు గనుక అచ్చట సాధ్యమైన వేగమును కొండదారికి ప్రమాణముగా గొనరాదు.

తెలుగునాట పట్టణములలో పెట్రోలు తీరిన బైకును వెనుకనుండి మఱియొకడు కాలు చాచి ఫుట్‌రెస్టుపై తన్ని తోయుట తఱచుగా కానవచ్చు దృశ్యము. ఇందు పట్టీ బంధము లేదన్నది మేలేగాని, తోయువాడు ఒంటికాలిమీద ఆధారపడును. గతుకులలో ఆ కాలు జారి చక్రమున పడు ప్రమాదము కలదు. భారతదేశమున 2017 వఱకు అమలులోనుండిన 1989 నాటి రహదారి నిబంధనలు లాగు బండికిని లాగబడు బండికిని నడుమ దూరము 5 మీటర్లు మించరాదనియు, వేగము గంటకు 24 కిలోమీటర్లు దాటరాదనియు విధించెను. అవి ముఖ్యముగా పెద్ద బండ్లను దృష్టిలో నుంచుకొనినవి; లారీలు తిరుగు రోడ్డుమీద రెండు బైకులను పట్టీతో కలిపి నడపుట ఏ వేగముననైనను తగదు. అడవిదారి ముగిసి తారురోడ్డు తగిలిన చోటనే పట్టీ విప్పి ట్రాలీ ఆటోను పిలిపింపవలయును. పట్టీని మరల సంచిలో పెట్టుటకు ముందు దాని కుట్లను, అంచులను తడవి చూచి, పోగులు లేచినదానిని పాఱవేయవలయును.