బీరువాలో ఉండిపోయిన లెక్క

నలభై రెండులోంచి పదిహేడు తీసేస్తే ఎంత? మన బడిలో ఆరో తరగతిలో నా పక్కన కూర్చునే మిత్రుడు ఎప్పుడూ 35 అనే రాసేవాడు. రెండులోంచి ఏడు పోదు కదా అని ఏడులోంచి రెండు తీసేసేవాడు. పద్యం రెండుసార్లు వింటే అప్పజెప్పేవాడు. సాయంత్రం మంద ఇల్లు చేరితే ఏ మేక రాలేదో చూడగానే చెప్పేవాడు. లెక్కల పీరియడులో మాత్రం గోడకుర్చీయే. ‘మొద్దు’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఏడో తరగతి తప్పాక మళ్లీ బడి ముఖం చూడలేదు.

తర్వాత నేను ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల పంతులునయ్యాను. అక్కడి పిల్లలూ కొందరు 35 అనే రాశారు. నేనూ బెత్తమే పట్టాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఈ సంచికలో దాచడం న్యాయం కాదు.

1987లో కేంద్రం ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ మొదలుపెట్టింది. ప్రాథమిక పాఠశాలలకు గదులు, ఉపాధ్యాయులతోపాటు బోధన సామగ్రి కూడా అందించడం దాని ఉద్దేశం. మా బడికీ గణితం పెట్టె వచ్చింది. స్టాకు రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒక్క ముక్క పోయినా జవాబు చెప్పుకోవాలన్న భయం.

ఒక వానరోజు బడికి పట్టుమని పదిమంది రాలేదు. తీసివేత రాని పాపకు చీపురుపుల్లలు ఇచ్చాను. పదేసి పుల్లలు దారంతో కట్టిన కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు. పదిహేడు ఇమ్మన్నాను. కాసేపు చూసి ఒక కట్ట విప్పింది. నాకు ఇవ్వగా రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగిలాయి. ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అని నేను ఏళ్లతరబడి అరిచిన మాటకు అర్థం ఆ విప్పిన దారంలో ఉంది. మర్నాడే బీరువా తాళం తీశాను. ముందు పుల్లలు, తర్వాత బొమ్మ గీయడం, ఆఖరున అంకెలు. వారాలు పట్టింది. ఎక్కాలు ఆ పాపకు చివరిదాకా నోటికి రాలేదు. అట్టమీద రాసిచ్చి, చూసి చేసుకోమన్నాను.

ఇది నా కొత్త ఉపాయమేమీ కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. మరియా మాంటిసోరి పూసలతో ఒకట్లు, పదులు, వందలు నేర్పారు. 1939లో ఆమె మద్రాసుకే వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్విజెనేర్ ఒకటి నుంచి పది సెంటీమీటర్ల దాకా రంగు పుల్లలు చేసి, 1952లో వాటిపై పుస్తకం వేశారు. తెలివి ఉండీ లెక్క పట్టుబడని స్థితిని లాడిస్లావ్ కోష్ 1974 నాటి వ్యాసంలో నిర్వచించారు. దాని పేరు డిస్కాల్కులియా. మన 1995 వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల్లో అభ్యసన వైకల్యాలు లేవు. 2016 చట్టం ఇరవై ఒక్కింటిని గుర్తించి, డిస్కాల్కులియాను పేరుపెట్టి చెప్పింది.

నా మిత్రుడిది అదేనని ఇప్పుడు తేల్చలేను. చట్టంలో పేరు రాకముందే దారి ఉందని మాత్రం తెలుసు. ఆ దారికి తాళం వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

స్వర్ణోత్సవ కానుకగా మన సంఘం బడికి గణిత సామగ్రి ఇస్తే సంతోషం. అద్దాల బీరువా మాత్రం కొనకండి. పిల్లల చేతికందే అరలో పెడదాం. విరిగితే విరగనిద్దాం. వారానికి రెండు మధ్యాహ్నాలు నేనొచ్చి కూర్చుంటాను.