ఐఐటీ గడపలో మన పిల్లలు

దేశంలో మొదటి ఐఐటీ 1951లో ఖరగ్‌పూర్‌లో మొదలైంది. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ వచ్చింది మాత్రం 1973లో. ఇప్పుడు ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి, ట్యూషన్ ఫీజు లేదు. కటాఫ్ అందనివారిలో కొందరికి ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఉంది. అది పాసైతే మరుసటి ఏడు సీటిస్తారు.

అయినా భాష అడ్డు తొలగలేదు. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులో రాయొచ్చు. అడ్వాన్స్‌డ్ పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. ఇంట్లో గోండి, కోయ, కువి మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష.

అందుకే కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీ పేరొక్కటే చూడొద్దు. అక్కడ ఇంగ్లీషు నేర్పుతారా? ఎస్సీ, ఎస్టీ సెల్ పనిచేస్తోందా? కష్టం చెప్పుకోవడానికి మన సీనియర్లున్నారా? టీచర్లమైన మనమే పిల్లల తరఫున ఇవన్నీ అడిగి తెలుసుకోవాలి. సీటు వచ్చాక నాలుగేళ్లు అక్కడ నిలబడాల్సింది ఆ పిల్లలే.