కొక్కెం సూది, రోబో బొమ్మ: మన స్వర్ణోత్సవ కానుక వెనుక కథ

 

ఈ సావనీరుతో పాటు మీకిచ్చిన సంచిలో ఒక కీచైన్ ఉంటుంది. రెండంగుళాల రోబో బొమ్మ. బూడిద రంగు నూలుతో అల్లి, లోపల దూది కూరి, తలమీద ఎర్రటి ఏంటెన్నా పెట్టారు. కమిటీలో ఇంజనీర్లు ఎక్కువైతే కానుకలు ఇలాగే ఉంటాయని కొందరు నవ్వుకోవచ్చు. స్టీలు డబ్బా, గోడ గడియారం, ఫోటో ఫ్రేము, అన్నీ చర్చకు వచ్చాయి. బడిలో కొత్తగా పెట్టబోయే రోబోటిక్స్ గదికి గుర్తుగా రోబో అయితే బాగుంటుందన్నారు. ప్లాస్టిక్‌వి టోకున కొంటే చౌక అని కూడా అన్నారు. చివరికి చేత్తో అల్లిన బొమ్మే ఇద్దామని తేలింది. ఆ నిర్ణయం ఎందుకు సరైనదో చెప్పడానికే ఈ వ్యాసం. బొమ్మ చిన్నదే కానీ, దాని వెనుక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మన తెలుగు ఆడవాళ్ళ శ్రమ చాలా ఉంది. ఆ శ్రమను లెక్కలోకి తీసుకున్న వారు మాత్రం తక్కువ.

మగ్గం వర్క్‌కు దూరపు చుట్టం

ఈ అల్లికను మన పక్క లేసు అల్లిక అంటాం. దాని అసలు పేరు క్రోషే. ఫ్రెంచి భాషలో ఆ మాటకు చిన్న కొక్కెం అని అర్థం. పనిముట్టు కూడా అంతే: కొసన కొక్కెం ఉన్న ఒక్క సూది. స్వెట్టరు అల్లడానికి రెండు సూదులు కావాలి. దీనికి ఒక్కటి చాలు.

ఈ పని ఎక్కడ పుట్టిందన్న దానిమీద చాలామంది పరిశోధకులు చెప్పే కథ మనకు ఆసక్తి కలిగించేది. ఇవాళ పెళ్ళి జాకెట్లమీద మనం చేయించే మగ్గం వర్క్ చూడండి. చట్రానికి బట్టను బిగించి, కొక్కెం ఉన్న ఆరీ సూదితో కింది నుంచి దారాన్ని పైకి లాగుతూ గొలుసు కుట్టు వేస్తారు. ఇలాంటి తూర్పు దేశాల పనితనం 18వ శతాబ్దంలో యూరప్‌కు చేరి, అక్కడ టాంబూర్ పనిగా పేరు తెచ్చుకుంది. తర్వాత ఎవరో కింద బట్ట లేకుండానే ఆ గొలుసును అల్లి చూశారు. ఫ్రెంచివాళ్ళు దానికి 'గాలిలో క్రోషే' అని పేరు పెట్టారు. 1823లో 'పెనెలోపే' అనే డచ్చి పత్రిక క్రోషే నమూనాలను అచ్చువేసింది.

1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. ఏళ్ళ తరబడి సాగిన ఆ కరువులో లక్షలమంది చనిపోయారు, లక్షలమంది దేశం విడిచి వెళ్ళారు. అప్పుడు కాన్వెంట్లలోని సన్యాసినులు, దాతలు పేద ఆడవాళ్ళకు, పిల్లలకు క్రోషే లేసు నేర్పారు. పెట్టుబడి ఒక సూది, ఒక దారపుండ. ఆ లేసు అమ్ముకుని ఎన్నో కుటుంబాలు కరువును దాటాయి. అప్పటినుంచి 'పేదరాలికి నేర్పదగిన పని' అన్న ముద్ర క్రోషేకు పడింది. మిషనరీల వెంట ఆ ముద్రే మన తీరానికీ వచ్చింది.

గోదావరి ఒడ్డున లేసు

19వ శతాబ్దంలో గోదావరి ప్రాంతంలో మిషనరీ కుటుంబాలు ఈ పని నేర్పాయి. దుమ్ముగూడెంలో కెయిన్ దొరసాని, నరసాపురంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మాక్రే దంపతులు కొత్తగా క్రైస్తవంలో చేరిన పేద ఆడవాళ్ళకు లేసు అల్లడం నేర్పినట్టు చరిత్ర చెబుతుంది. మొదట అది దానధర్మాల పద్ధతిలో నడిచింది. తరువాత వ్యాపారమైంది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ పాకింది. బయట పొలం పనికి వెళ్ళడం పరువు తక్కువ అనుకునే రైతు కుటుంబాల ఆడవాళ్ళు కూడా గడపలో కూర్చుని లేసు అల్లారు. ఒకరు పూలు అల్లితే, ఇంకొకరు వాటిని అతికేవారు. ఏజెంట్లు వచ్చి పట్టుకెళ్ళేవారు. ఎగుమతిదారులు విదేశాలకు పంపేవారు. యూరప్, అమెరికా ఇళ్ళలో బల్లలమీద మన గోదావరి లేసు పరుచుకుంది.

1970లలో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం ప్రాంతానికి వచ్చి ఆ ఆడవాళ్ళతో మాట్లాడారు. ఆమె రాసిన 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో వచ్చింది. ఆ పుస్తకం తేల్చిన విషయం ఇది: వంట, పిల్లలు, పశువుల పని అయ్యాక ఈ ఆడవాళ్ళు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవారు. వచ్చే డబ్బు మాత్రం అప్పటి కనీస కూలిలో చిన్న వంతు. ఎందుకంటే దాన్ని ఎవరూ పని అనలేదు. 'ఖాళీగా కూర్చునే బదులు అల్లుకుంటారు' అన్నారు. జనాభా లెక్కల వాళ్ళు వస్తే ఇంట్లోవాళ్ళు 'గృహిణి' అని రాయించేవారు. విదేశీ మారకం తెచ్చే పరిశ్రమ నడుస్తోంది కానీ, ప్రభుత్వ కాగితాల్లో అందులో కార్మికులు లేరు.

ఆ తర్వాత కొంత మార్పు వచ్చింది. నరసాపురం దగ్గర సీతారాంపురంలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇది గర్వపడవలసిన సంగతే. అయితే ఆ గుర్తింపు ఊరి పేరుకు దక్కింది. అల్లిన మనిషికి ఎంత దక్కుతోందన్న ప్రశ్న అలాగే ఉంది.

మన జిల్లాల చేతిపని, మన క్రాఫ్ట్ పీరియడ్

ఇదంతా గోదావరి వాళ్ళ కథ కదా అనుకోకండి. మన పొందూరు సంగతి చూడండి. సన్నఖద్దరు అనగానే నేత గుర్తొస్తుంది. నిజానికి ఆ సన్నదనం వడుకులో ఉంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, నూరు కౌంటు నూలు చేతి రాట్నంమీద తీసేది ఆడవాళ్ళు. చీర చేతికి వచ్చాక మనం నేతగాడిని మెచ్చుకుంటాం. దువ్విన చేయి, వడికిన చేయి గుర్తుకురావు.

బడిలోనూ అంతే. చేతిపని ద్వారా చదువు అన్న ఆలోచనను గాంధీజీ 1937లో వార్ధాలో దేశం ముందు పెట్టారు. 1964-66 కొఠారీ కమిషన్ 'పని అనుభవం' చదువులో భాగం కావాలంది. ఆ ఆలోచనల చివరి రూపం మన టైంటేబుల్లో క్రాఫ్ట్ పీరియడ్‌గా మిగిలింది. అబ్బాయిలకు తోటపని, తకిలీ. అమ్మాయిలకు కుట్లు, అల్లికలు. పదో తరగతి మార్కుల్లో దానికి చోటు లేదు కాబట్టి, పరీక్షలు దగ్గర పడితే ఆ పీరియడ్ లెక్కలకో, ఇంగ్లీషుకో వెళ్ళిపోయేది. మనలో చాలామంది అబ్బాయిలకు ఇంజనీరింగ్‌లో చేరాకే వర్క్‌షాపులో చేతిపని తెలిసింది. క్రాఫ్ట్ టీచరు గారి దగ్గర కొక్కెం సూది పట్టిన అమ్మాయిలకు అది ఏడో తరగతిలోనే తెలుసు.

జపాన్ బొమ్మ, దానిలోని లెక్క

లేసు బల్లమీద పరుచుకునేది. దాన్ని మూడు కొలతల బొమ్మగా మార్చిన ఘనత జపాన్‌ది. 'అమి' అంటే అల్లిక. 'నుయిగురుమి' అంటే దూది కూరిన బట్టబొమ్మ. రెండూ కలిసి 'అమిగురుమి' అయ్యాయి. 21వ శతాబ్దం మొదట్లో ఇది జపాన్ దాటి ప్రపంచమంతా పాకింది. రోబోలంటే కూడా జపాన్‌కు ముచ్చటే. యుద్ధం తర్వాత అక్కడి రేకు రోబో బొమ్మలు దేశదేశాల బజార్లకు చేరాయి. 1951లో ఒసాము తెజుకా బొమ్మల కథలో 'ఆటం' అనే రోబో కుర్రాడు పుట్టి పిల్లల మనసు దోచుకున్నాడు. ఈ రెండు ముచ్చట్లు కలిసిన బొమ్మ మీ చేతిలో ఉంది.

దీన్ని అల్లే తీరులో మన లెక్కల మాస్టార్లు మెచ్చే విషయం ఒకటుంది. మొదట ఒక ఉచ్చులో 6 కుట్లు వేస్తారు. రెండో చుట్టులో 12, మూడో చుట్టులో 18. చుట్టుకు ఆరేసి పెరిగితే బల్లపరుపు బిళ్ళ వస్తుంది. ఆరే ఎందుకు? ఈ కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. ఒక చుట్టు పెరిగితే వ్యాసార్ధం ఒక కుట్టంత పెరుగుతుంది, పరిధి రెండు 'పై'లంత పెరగాలి. అంటే 6.28. సూది పట్టిన అమ్మాయి 'పై' పేరు ఎత్తకుండానే ఆ లెక్క వేస్తోందన్నమాట. పెంచడం ఆపి 18 కుట్లతోనే చుట్లు వేస్తూ పోతే డబ్బాలా నిలువుగా లేస్తుంది. అదే రోబో తల, అదే మొండెం. పెంచవలసిన దానికంటే ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్ళు పోతుంది. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా తైమినా ఆ కుచ్చిళ్ళతోనే హైపర్‌బోలిక్ జ్యామితిని చేత్తో తాకి చూసేలా అల్లి చూపించారు.

ఇంకొక సంగతి నన్ను మరీ ఆలోచింపజేసింది. రెండు సూదుల అల్లికకు ఇంగ్లండులో విలియం లీ 1589లోనే యంత్రం కట్టాడు. క్రోషేకు మాత్రం ఇప్పటికీ ఫ్యాక్టరీలో పనికొచ్చే యంత్రం లేదు. స్వెట్టరు అల్లికలో వరుస మొత్తం ఉచ్చులు సూదులమీద తెరిచి ఉంటాయి. యంత్రం వాటన్నింటినీ ఒకేసారి పట్టుకోగలదు. క్రోషేలో ఒక కుట్టు పూర్తిగా ముగిశాకే రెండోది. ఆ రెండోది ఎక్కడ గుచ్చాలో అప్పటికే అల్లిన మెత్తని బట్టలో వేలితో తడిమి వెతుక్కోవాలి. ప్రయోగశాలల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి. కానీ బజారులో దొరికే అమిగురుమి ఎంత చౌకగా ఉన్నా, ఎక్కడో ఒక మనిషి చేత్తో అల్లినదే. అంటే మన రోబో బొమ్మను ఏ రోబో తయారు చేయలేదు.

రోబో అన్న మాట

'రోబో' మనకు 2010లో వచ్చిన రజనీకాంత్ సినిమాతో ఇంటింటి మాట అయింది. దాని పుట్టుక మాత్రం చెక్ దేశంలో. కారెల్ చాపెక్ 1920లో 'ఆర్.యు.ఆర్.' అనే నాటకం రాశాడు. మరుసటి ఏడు జనవరిలో ప్రాగ్‌లోని నేషనల్ థియేటర్‌లో ఆడారు. అందులో మనుషుల పని చేయడానికి ఫ్యాక్టరీలో తయారైన జీవులున్నాయి. వాటికి ఏ పేరు పెట్టాలా అని రచయిత తడబడుతుంటే, అన్న జోసెఫ్ 'రోబోట్' అన్న మాట అందించాడు. చెక్ భాషలో 'రోబోటా' అంటే ప్రభువు పొలంలో రైతు కూలి లేకుండా చేయవలసిన పని. మన భాషలో ఒక్క మాటలో చెప్పాలంటే వెట్టి. ఆ దేశంలో దాన్ని 1848లో రద్దు చేశారు. మన దేశంలో వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది.

వెట్టి అన్న అర్థమున్న పేరు గల బొమ్మను చేత్తో అల్లించి పంచుతున్నప్పుడు, ఆ అల్లిక కూడా వెట్టి కాకూడదు కదా. కమిటీ ముందు ఉన్న అసలు ప్రశ్న ఇదే.

చివరగా ఒక లెక్క

తలకు 162 కుట్లు, మొండానికి 162, కాళ్ళకు 60, చేతులకు 48. మొత్తం 432. అతకడం, దూది కూరడం, కళ్ళు కుట్టడం, గొలుసు బిగించడం కలిపి చేయి తిరిగిన వారికి రెండున్నర గంటలు పడుతుంది. మూడు వందల బొమ్మలకు లక్షా ఇరవై తొమ్మిది వేల ఆరు వందల కుట్లు, 750 గంటలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. ఎనిమిది గంటల దినం లెక్కన ఆ కూలే వేసినా బొమ్మకు 94 రూపాయలు కావాలి. అది మట్టి తవ్వే పనికి ఇచ్చే కనీస కూలి. ఇక్కడ ఏళ్ళ తరబడి అలవాటైన చేయి ఉంది. నూలు, దూది ఖర్చు వేరు. 'ఇంత చిన్న బొమ్మకు అంతా?' అని చర్చలో ఒకరు అడిగారు. 'ఇంట్లో కూర్చునేగా అల్లేది' అని ఇంకొకరు అన్నారు. నరసాపురంలో వందేళ్ళు వినిపించిన మాట అదే.

అందుకే ముందు కూలి తేల్చుకుని, ఆ తర్వాతే బొమ్మ ధర నిర్ణయించాం. ఉపాధి హామీ కూలిని అడుగు గీతగా పెట్టుకుని, దానిమీద పనితనానికి కొంత కలిపి, మధ్యలో ఎవరూ లేకుండా అల్లినవారికే ఇచ్చాం. వారిలో మన బడిలో చదువుకున్న ఆడపడుచులు ఉన్నారు, వారి ఇరుగుపొరుగు ఉన్నారు. బొమ్మకు కట్టిన చీటీ మీద అల్లినవారి పేరుంది. దయచేసి చదవండి. వేడుకలో కనిపిస్తే పేరు పెట్టి పలకరించండి.

గురువులకు, సంఘం పెద్దలకు రెండు విన్నపాలు. వేదికమీద సన్మానం చేసేటప్పుడు లెక్కలు, సైన్సు, తెలుగు మాస్టార్ల వరుసలో క్రాఫ్ట్ టీచర్లకు కూడా కుర్చీ వేయండి. రోబోటిక్స్ గది తెరిచినప్పుడు సెన్సార్లు, మోటార్ల పక్కన కొక్కెం సూదులు, నూలు ఉండలు ఉన్న పెట్టె కూడా ఒకటి పెట్టండి. ఖర్చు ఎక్కువ కాదు. మన గుంటలు, అబ్బాయిలతో సహా, ముందు ఆరు కుట్లు వేసి, తర్వాత పన్నెండు వేసి చూడనీయండి. యంత్రం ఇంకా చేయలేని పని ఏమిటో వాళ్ళ చేతులకే తెలుస్తుంది. రేపు ఆ యంత్రాన్ని కట్టేవాళ్ళు వారిలోంచే వస్తే, ఆ పనికి ఎంత శ్రమ పడుతుందో, ఎంత కూలి గిట్టాలో తెలిసి కడతారు.