శాసనములయందలి దానపాత్ర విచారము

దానమనగా దాత తన స్వత్వమును విడిచి పరునకు స్వత్వమును కలిగించుట. చాకలికి బట్టలిచ్చుట దానము కాదనియు, దాత స్వత్వము తొలగకపోవుటచే అచ్చట సంప్రదానకారకము సిద్ధింపదనియు వైయాకరణులలో ప్రసిద్ధమైన మతము. కావున దానశాసనమును పరిశీలించునపుడు ఇచ్చినదేమి యనుటకంటె ఎవరి నుద్దేశించి ఇచ్చిరి యనునది ముఖ్యము. ప్రతిమతమువారును తమవారికే పెట్టుకొనిరను మాట లోకమున కలదు. ఆ మాట యెంతవరకు నిలుచునో శాసనములే చెప్పగలవు.

నాగార్జునకొండ ప్రాకృతశాసనములు క్రీస్తుశకము 3వ శతాబ్దికి చెందినవి. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 6వ రాజ్యవర్షమున ఆతని మేనత్త చాంతిసిరి అపరమహావినసేలియులను బౌద్ధాచార్యుల పరిగ్రహార్థము మహాచైత్యమును నిలిపెను. ఆమె సోదరుడు చాంతమూలుడు అశ్వమేధాది క్రతువుల నొనర్చినవాడు. కట్టడము ఒక నికాయమువారికే చెందినను, ఆమె దాతృత్వమును వర్ణించుచు శాసనము శ్రమణులను, బ్రాహ్మణులను, కవణులను, వనిజకులను, దీనులను వరుసగా పేర్కొనుచున్నది. కవణ శబ్దము కృపణ శబ్దభవము. వనిజక శబ్దము ఇచ్చట వర్తకవాచి కాదు. దీనశబ్ద సాహచర్యముచే యాచకార్థకమైన వనీయక శబ్దముతో సంబంధించినదనుట సమంజసము.

జైనులు ఆహారము, అభయము, ఔషధము, శాస్త్రము అని దానమును చతుర్విధముగా చెప్పిరి. మునులు మొదలగు సత్పాత్రులకు భక్తితో ఇచ్చునది పాత్రదానము. ఆర్తులకు యోగ్యతావిచారము లేక దయతో ఇచ్చునది కరుణాదానము. తూర్పు చాళుక్యరాజగు రెండవ అమ్మరాజు (945-970) చామెకాంబ ప్రేరణచే అత్తిలినాటిలోని కలుచుంబఱ్ఱు గ్రామమును అర్హనంది యను జైనాచార్యునకు ఇచ్చెను. సర్వలోకాశ్రయ జినభవనపు భోజనశాలను బాగుచేయుట దాని ప్రయోజనము. పేరునుబట్టి అచ్చట సర్వజనులకును అన్నము దొరకెనని ఊహించుట తగదు. సర్వలోకాశ్రయ శబ్దము చాళుక్యరాజుల బిరుదము.

1261 సంవత్సరపు మల్కాపురశాసనము ఈ విషయమున మిక్కిలి స్పష్టమైనది. కాకతి గణపతిదేవుడు తన దీక్షాగురువగు విశ్వేశ్వరశంభునకు మందడగ్రామమును సంకల్పింపగా, రుద్రమదేవి దానిని వెలగపూడితో గూడ ధారపోసెను. గోళకీమఠాచార్యుడగు ఆ గురువు అచ్చట దేవాలయము, శైవమఠము, విద్యాస్థానము, అన్నసత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నెలకొల్పెను. ఆధిపత్యము శైవాచార్యులదే. అన్నసత్రమునందు మాత్రము బ్రాహ్మణులు మొదలు చండాలుర వరకు వచ్చినవారికెల్ల అన్నము పెట్టవలెనని నియమము. ప్రసవవేదనకును రోగమునకును మతభేదము లేదు గనుక, ఆ శాలలును ఈ దృష్టికి అనుగుణములే.

మహమ్మదీయ ధర్మమున మార్గము వేఱు. అచ్చట జకాతు ఐచ్ఛికము కాదు, విధి. నియతపరిమాణమునకు మించి సంవత్సరము నిలిచిన ధనమున నలువదియవ భాగము ఈయవలెను. ఖురానులో చెప్పబడిన 8 తెగల గ్రహీతలలో మొదటివారు నిర్ధనులును, దీనులును. విద్యాతపస్సులు కాక అవసరమే అచ్చట అర్హతకు మొదటి కారణము. అయినను జకాతు ముస్లిములకే చెల్లునని బహుజన ధర్మశాస్త్రజ్ఞుల మతము. స్వచ్ఛందమైన సదఖా ఇతరులకును ఈయవచ్చును.

వీని నన్నిటిని సమన్వయించినచో దానమునకు రెండు సంప్రదానములు కనబడుచున్నవి. భూమిని పొందువాడు మొదటివాడు. ఆ భూమిఫలము ననుభవించువాడు రెండవవాడు. మొదటివానిని నిర్ణయించుటయందు శాసనములు స్వమతమును విడువలేదు. రెండవవానియందు ఒకరు భక్తిని, ఒకరు దయను, ఒకరు విధిని ముందిడుకొని వేఱువేఱు దూరములు నడచిరి. తమవారికే పెట్టుకొనిరను మాట భూమిపట్ల చాలవఱకు సత్యము. అన్నముపట్ల అట్లు కాదు. శాసనపాఠకులు భూగ్రహీత పేరుతోనే ఆగిపోయినచో, చాంతిసిరి స్మరించిన దీనులును, మందడమున పంక్తి చివర కూర్చున్న చండాలుడును మఱల ఆకలితోనే వెడలిపోవుదురు.