ముర్రుపాలకు లొంగని వ్యాధి: పందిపిల్లల అంటువిరేచనముల చరిత్ర

ఆడపంది మూడు నెలల మూడు వారముల మూడు దినములు చూడితో నుండి, ఒక్క ఈతలో పది పండ్రెండు పిల్లలను పెట్టును. పుట్టిన పిల్ల బరువు కిలోగ్రాము మొదలు కిలోగ్రామున్నర వరకు ఉండును. దాని ఒంటిపై వెండ్రుకలు పలుచన. చర్మము క్రింద క్రొవ్వు దాదాపు లేదనియే చెప్పవచ్చును. ఒళ్ళు వెచ్చగా నుంచుకొనుటకు తల్లిపాలే దానికి దిక్కు. ఆ పాలు వంటబట్టకపోయినచో రక్తములోని చక్కెర త్వరలోనే పడిపోవును, దేహము చల్లబడును. ఇట్టి పసికూనలకు విరేచనములు పట్టుకొనిన యెడల సంగతి ఎంతవరకు వచ్చునో ఊహింపవచ్చును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మొక్కజొన్న విస్తారముగా పండు ఇండియానా ప్రాంతమున పందుల పెంపకము పెద్ద వృత్తి. అచ్చటి దొడ్లలో చలికాలమున ఒక వింత వ్యాధి కనబడుచుండెను. పిల్లలు తాగిన పాలు కక్కుకొనెడివి. పసుపుపచ్చని నీళ్ళ విరేచనములు అయ్యెడివి. అందులో అరగని పాలగడ్డలు కనబడెడివి. రెండు మొదలు ఐదు దినములలో ఈత ఈత అంతయు నశించెడిది. విచిత్రమేమనగా, అదే దొడ్డిలోని పెద్దపందులు రెండు మూడు దినములు మేత మాని, కొంచెము పారుకొని, తిరిగి మామూలుగా తిరుగుచుండెడివి. రెండు వారములలోపు పిల్లలలో నూటికి దాదాపు నూరును చనిపోగా, మూడు వారములు దాటినవి చాలవరకు బ్రతికి బయటపడెడివి.

1946లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయమునకు చెందిన డాయిల్, హచింగ్స్ అను ఇద్దరు పశువైద్య శాస్త్రజ్ఞులు ఈ వ్యాధిని వివరించి, ఇది బాక్టీరియా వలన గాక వైరస్ వలన వచ్చునదని ప్రకటించిరి. దీనికి ట్రాన్స్‌మిసిబుల్ గాస్ట్రోఎంటిరైటిస్ అని పేరు పెట్టిరి. అనగా ఒకదానినుండి ఒకదానికి అంటుకొను జఠరాంత్రశోథ. పశువైద్యులు దీనిని క్లుప్తముగా టి.జి.ఇ. అందురు. 1956లో జపానులోను, 1957లో ఇంగ్లండులోను ఇదే వ్యాధి గుర్తింపబడినది. చలికాలముననే ఇది ఏల విజృంభించుననుటకు సమాధానము సులభము. ఈ వైరస్ గడ్డకట్టు చలిలో చెక్కుచెదరక యుండును. ఎండ తగిలిన త్వరలోనే నశించును. 1965లో జరిగిన ఒక ప్రయోగములో, గోరువంకల కుటుంబమునకు చెందిన స్టార్లింగు పక్షులకు ఈ వైరస్‌ను తినిపించిరి. ఒక దినము దాటిన తరువాత కూడ వాటి రెట్టలో పందులకు వ్యాధి కలిగింపగల వైరస్ ఉండెను. చలికాలమున ఈ పక్షులు గుంపులు గుంపులుగా దొడ్లలోని మేతపై వ్రాలునని గుర్తుంచుకొన్నచో దీని ప్రాముఖ్యము తెలియును.

పిల్లలు చచ్చి పెద్దవి బ్రతుకుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము చిన్నప్రేవు గోడలలో దొరకినది. చిన్నప్రేవు లోపలి ముఖము నున్నగా నుండదు. వ్రేళ్ళవలె పొడుచుకొని వచ్చిన కోట్లకొలది చూషకములతో ముఖమలుగుడ్డ వలె ఉండును. ఆహారమును పీల్చుకొను పని వీనిదే. 1960-70 మధ్య పర్‌డ్యూలోనే హూపర్, హెల్టర్‌మన్ అను శాస్త్రజ్ఞులు వ్యాధిగ్రస్తమైన పిల్లల ప్రేవులను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి, ఈ చూషకములు క్షీణించి పొట్టివగుచున్నవని చూపిరి. ఆరోగ్యముగల పిల్లలో చూషకము ఎత్తునకు, దాని మొదట నుండు గుంట లోతునకు గల నిష్పత్తి సుమారు 7:1. వ్యాధిలో అది 1:1కి దిగజారును. ముఖమలు అరిగిపోయి వట్టి నేత మిగిలినట్లు. చూషకములపై కణములతో పాటు పాలలోని చక్కెరను జీర్ణము చేయు లాక్టేజ్ అను ఎంజైమ్ కూడ పోవును. అరగని చక్కెర ప్రేవులో నిలిచి దేహములోని నీటిని తనవైపు లాగుకొనును. అందుచే ఆ పిల్ల ఎంత పాలు తాగిన అంతగా పారుకొనును.

చూషకముల మొదట నుండు గుంటలలో క్రొత్త కణములు నిత్యము పుట్టి పైకి ఎక్కుచుండును. మూడు వారముల పిల్లలో ఈ పై పొర అంతయు రెండు మొదలు నాలుగు దినములలో క్రొత్తదగును. అప్పుడే పుట్టినదానిలో ఇందుకు ఒక వారమునకు పైగా పట్టును. వైరస్ ఇద్దరి ప్రేవును ఒకే విధముగా పాడుచేసినను, పెద్దది సకాలమున మరమ్మతు చేసికొనగలదు, పసిది చేసికొనలేదు. ఇందలి భేదమంతయు నాలుగైదు దినముల వ్యవధి మాత్రమే. ఒక జీవి బ్రతుకు చావులు ఇంత చిన్న లెక్కపై ఆధారపడుట జీవశాస్త్రములో అరుదైన విషయమేమీ కాదు గాని, ఇంత స్పష్టముగా కనబడుట అరుదు.

మరి టీకా వేయరాదా? పుట్టిన రెండవ దినముననే చంపు వ్యాధికి పిల్లకు టీకా వేసి ప్రయోజనము లేదు. అది పని చేయుటకు కాలము చాలదు. తల్లికి వేసి, ఆమె ద్వారా పిల్లను కాపాడవలెను. మనుష్యులలో తల్లి రక్తమందలి ప్రతిరక్షకములు మావి ద్వారా కొంతవరకు గర్భస్థ శిశువునకు చేరును. పందిలో మావి అట్టిది కాదు. అది ప్రతిరక్షకములను దాటనీయదు. అందుచే పందిపిల్ల పుట్టునప్పుడు వట్టి చేతులతో పుట్టును. ముర్రుపాలు త్రాగినప్పుడే దానికి రక్షణ లభించును. మన ఇండ్లలో ఆవు ఈనిన తరువాత జున్ను వండుకొను పాలు ఇవే. కాచినప్పుడు గడ్డకట్టుటకు వానిలోని ప్రోటీన్ల సమృద్ధియే కారణము, ఆ ప్రోటీన్లలో హెచ్చుభాగము ప్రతిరక్షకములు. పుట్టిన తరువాత సుమారు ఒక దినము, ఒకటిన్నర దినము వరకు మాత్రమే పందిపిల్ల ప్రేవు వీనిని యథాతథముగా రక్తములోనికి పీల్చుకొనగలదు. అటుపై ఆ ద్వారము మూసికొనును.

ఇంతవరకు తెలిసిన తరువాత చూడిపందికి టీకా సూదిమందుగా వేసిన సరిపోవుననుకొనుట సహజము. ఒహాయో రాష్ట్రములో బోల్, ఆయన సహచరులు చేసిన పరిశోధనలు 1972లో వెలువడినవి. వాని ఫలితము ఆశ్చర్యకరముగా నుండెను. సూదిమందు పొందిన తల్లుల ముర్రుపాలలో ఐ.జి.జి. అను జాతి ప్రతిరక్షకములు పుష్కలముగా నుండెను. అవి పిల్లల రక్తములోనికి కూడ చేరెను. అయినను పిల్లలకు తగిన రక్షణ కలుగలేదు. నోటి ద్వారా నిజమైన వైరస్ సోకి కోలుకొన్న తల్లుల పిల్లలు మాత్రము బ్రతికెను. ఆ తల్లుల పాలలో ఐ.జి.ఎ. అను వేరొక జాతి ప్రతిరక్షకము, ముర్రు దాటిన తరువాత కూడ, దినదినము వచ్చుచుండెను. వ్యాధి ప్రేవు లోపలి ముఖముపై జరుగును గాని రక్తములో కాదు. కావున రక్తములో నిలువ చేసిన ఆయుధములు అచ్చటికి అందవు. పూట పూటకు పాలతో వచ్చి ప్రేవును పూతవలె కప్పునవి కావలెను.

తల్లి ప్రేవులో పరిచయమైన శత్రువునకు విరుగుడు ఆమె పాలలో ఎట్లు వచ్చినది? ప్రేవు గోడలో వైరస్‌ను ఎదుర్కొన్న తెల్లకణములు రక్తము ద్వారా ప్రయాణించి పొదుగునకు చేరి, అచ్చట ఐ.జి.ఎ.ను తయారు చేయునని తేలినది. ప్రేవునకు పొదుగునకు గల ఈ సంబంధమును బోల్ బృందమువారి పనియే ముందుకు తెచ్చినది. ఆ బృందములోని లిండా సైఫ్ తరువాతి దశాబ్దములలో దీనిని విస్తరించిరి. పందుల దొడ్డిలో మొదలైన ఈ ఆలోచన తల్లిపాల శాస్త్రమునకంతటికి ఉపకరించినది.

రైతులు ఇందుకు ఒక మోటు ఉపాయము అవలంబించిరి. వ్యాధితో చచ్చిన పిల్లల ప్రేవులను నూరి, ఈనుటకు రెండు మూడు వారములు ముందుగా చూడిపందుల మేతలో కలుపుట. ఇది పనిచేయును, కాని ఆ ప్రేవులలో ఇతర వ్యాధుల క్రిములున్న అవియు దొడ్డి అంతటను వ్యాపించును. మంచి టీకా లేని కాలమున ఎవరిని తప్పుపట్టగలము?

టి.జి.ఇ. కథ విచిత్రమైన మలుపు తిరిగినది బెల్జియములో. 1984లో అచ్చట వ్యాధి చిహ్నములేవియు లేని మందలలోని పందుల రక్తములో టి.జి.ఇ. ప్రతిరక్షకములు కనబడజొచ్చెను. పెన్‌సార్ట్ బృందము వెదకగా ఒక క్రొత్త వైరస్ దొరకెను. అది టి.జి.ఇ. వైరస్‌కే రూపాంతరము. దాని ముళ్ళ ప్రోటీన్‌ను నిర్మించు జన్యువులో ఆరువందలకు పైగా అక్షరములు ఊడిపోయినవి. ఆ లోపముతో దానికి ప్రేవును పట్టు శక్తి పోయి, శ్వాసకోశములో నివసించుచు గాలి ద్వారా ఐరోపా అంతటను వ్యాపించెను. వ్యాధి స్వల్పము, రక్షణ గొప్పది! శాస్త్రజ్ఞులు తయారు చేయలేని టీకాను ప్రకృతియే గాలిలో వదలినట్లయి, టి.జి.ఇ. ఐరోపాలో దాదాపు కనుమరుగైనది. వర్తకులకు మాత్రము చిక్కు వచ్చినది. ఎగుమతికి ముందు చేయు రక్తపరీక్ష ఈ రెండు వైరసులను వేరు చేయలేకపోగా, అందుకై క్రొత్త పరీక్షలు కల్పింపవలసి వచ్చెను.

అంతలో మరియొక వ్యాధి పొంచి యుండెను. 1971లో ఇంగ్లండులో టి.జి.ఇ.ని పోలిన విరేచనములు కనబడెను గాని, పరీక్షలలో టి.జి.ఇ. వైరస్ లేదు. 1978లో పెన్‌సార్ట్, డి బూక్ బెల్జియములో దీని వైరస్‌ను కనుగొనిరి. ఇదియు కరోనా కుటుంబమునకే చెందినది. పోర్సైన్ ఎపిడెమిక్ డయేరియా, క్లుప్తముగా పి.ఇ.డి. అని దీనికి పేరు. ఐరోపాలో ఇది క్రమముగా చల్లబడినను ఆసియాలో వేళ్ళూనెను. 2010 చివర దక్షిణ చైనాలో తీవ్రమైన రూపము పుట్టి పదిలక్షలకు పైగా పిల్లలను చంపెను. 2013 వసంతమున అది అమెరికాలో బయటపడినది. అచ్చటి పందులు ఈ వైరస్‌ను ఎన్నడును ఎరుగవు. తల్లుల పాలలో విరుగుడు లేదు. ఒక్క సంవత్సరములో సుమారు డెబ్బదిలక్షల పిల్లలు నశించినవని అంచనా. మేత సరుకులను దేశదేశములకు చేరవేయు, తిరిగి తిరిగి వాడు పెద్ద గోతముల ద్వారా వైరస్ వచ్చియుండుట ఎక్కువ సంభావ్యమని ప్రభుత్వ విచారణ 2015లో తేల్చినది. 2014లో అచ్చట పి.ఇ.డి. టీకాలు వచ్చెను, అవి సూదిమందులే. ఒకసారి వ్యాధి సోకిన తల్లులలో పాలలోని రక్షణను పెంచుటకు అవి ఉపకరించినవి గాని, ఎన్నడును సోకని తల్లులలో అంతగా పనిచేయలేదు. 1972 నాటి పాఠము చదివినవారికి ఇది ఆశ్చర్యము కాదు.

2016 అక్టోబరులో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున ఒక క్షేత్రములో మరల పిల్లలు చావజొచ్చెను. మొదట పి.ఇ.డి. అనుకొనిరి, అది పరీక్షలలో కనబడినది కూడ. కాని 2017 జనవరి తరువాత ఆ వైరస్ కనబడుట మానినను చావులు ఆగలేదు. 2017 మే నాటికి నాలుగు క్షేత్రములలో 24,693 పిల్లలు చనిపోయెను. ఐదు దినములలోపు పిల్లలలో నూటికి తొంబది చావగా, ఎనిమిది దినములు దాటినవానిలో నూటికి ఐదే చచ్చెను. దీనికి కారణమైన క్రొత్త కరోనావైరస్‌తో నూటికి 98 పాళ్ళకు పైగా పోలిన వైరస్, ఆ ప్రాంతపు గుహలలో నివసించు గుర్రపులాడపు గబ్బిలములలో దొరకెను. గబ్బిలములనుండి అది దొడ్డిలోనికి దిగినదన్నమాట. పందులతో పనిచేసిన 35 మంది కూలీల రక్తమును పరీక్షింపగా, ఒక్కరిలోను ఆ వైరస్ సోకిన జాడ కనబడలేదు.