కమిస్కీ, చార్లెస్ (1859–1931)

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు, మేనేజరు, చికాగో వైట్ సాక్స్ జట్టు యజమాని. ఆ కాలపు జట్ల యజమానుల్లో సెలూన్ నడిపేవాళ్ళు, బట్టల వ్యాపారులు ఉండేవారు. మైదానంలో జీతానికి ఆడి, తర్వాత జట్టుకే యజమానులైనవాళ్ళు అరుదు. ఇతనికి ముందు ఆల్బర్ట్ స్పాల్డింగ్ ఆ స్థాయికి చేరాడు గాని, అతనికి ఆటసామాన్ల వ్యాపారం అండగా ఉండేది. కమిస్కీ మాత్రం ఆటనే నమ్ముకుని పైకి వచ్చాడు.

1859 ఆగస్టు 15న చికాగోలో పుట్టాడు. తండ్రి జాన్ ఐర్లండ్ నుంచి వలస వచ్చి నగర మండలి సభ్యుడైనవాడు. కొడుకు బంతాటలో పడటం ఆయనకు నచ్చలేదు. అయొవా రాష్ట్రంలోని డుబ్యూక్‌లో టెడ్ సల్లివాన్ అనే నిర్వాహకుడు కుర్రవాణ్ణి చేరదీసి జట్టులో ఆడించాడు, తన ఏజెన్సీ తరఫున రైళ్ళలో పత్రికలు అమ్మే పనీ ఇచ్చాడు.

సెయింట్ లూయిస్ (1882–1891). ఇతని అసలు బడి ఇదే. బ్రౌన్స్ జట్టు యజమాని క్రిస్ వాన్ డెర్ ఆ, జర్మనీ నుంచి వచ్చిన సెలూన్‌దారు. ఆట గురించి తెలిసింది తక్కువ, ఆట చూడవచ్చిన జనం ఎంత బీరు తాగుతారో బాగా తెలుసు. వీళ్ళు చేరిన అమెరికన్ అసోసియేషన్‌లో టిక్కెట్టు 25 సెంట్లు. ఆదివారం ఆటలకూ బీరు అమ్మకానికీ అడ్డు లేదు. కమిస్కీ మొదటి బేస్ దగ్గర ఆడేవాడు. ఆ స్థానంలోని ఆటగాడు బేస్‌కు అతుక్కుని నిలబడటం అప్పటి అలవాటు. ఇతడు దూరంగా, వెనక్కి జరిగి నిలబడి, ఎక్కువ మేర కాపలా కాసేవాడు. తాను బంతి కోసం పరిగెత్తినప్పుడు పిచర్ వచ్చి బేస్ కాయాలన్నది ఇతని పద్ధతి. దీన్ని ఇతడే కనిపెట్టాడనడం అతిశయోక్తి, అంతకుముందూ కొందరు చేశారు. నలుగురికీ అలవాటు చేసిన ఘనత మాత్రం ఇతనిదే.

1885 నాటికి, పాతికేళ్ళ వయసులో, ఆడుతూనే పూర్తికాలపు మేనేజరయ్యాడు. ఆ ఏడు 79 విజయాలు, 1886లో 93, 1887లో 95, 1888లో 92: వరసగా నాలుగేళ్ళు బ్రౌన్స్‌దే లీగ్. 1886లో స్పాల్డింగ్ అధ్యక్షుడిగా ఉన్న చికాగో వైట్ స్టాకింగ్స్‌తో ప్రపంచ సిరీస్ ఆడారు. గెలిచినవారికే గేటు వసూళ్ళన్నీ అని పందెం. అక్టోబరు 23న ఆరో ఆటలో, పదో ఇన్నింగ్స్‌లో కర్ట్ వెల్చ్ హోం ప్లేటు చేరడంతో బ్రౌన్స్ 4–2తో సిరీస్ గెలిచింది. మరుసటి ఏడు డెట్రాయిట్ చేతిలో ఓడాక, వాన్ డెర్ ఆ తన మేటి పిచర్లు కరుథర్స్, ఫౌట్జ్‌లనూ క్యాచర్ బుషాంగ్‌నూ బ్రూక్లిన్‌కు అమ్మేశాడు. వెల్చ్ ఫిలడెల్ఫియాకు పోయాడు. మిగిలినవాళ్ళతో, కొత్తవాళ్ళతో కమిస్కీ 1888లో మళ్ళీ లీగ్ గెలిచాడు. ఇతని మేనేజరు జీవితంలో ఇంతకన్నా మెచ్చదగిన ఏడాది లేదు.

1890లో ఆటగాళ్ళు యజమానులపై తిరగబడి ప్లేయర్స్ లీగ్ పెట్టుకున్నారు. జట్టు వదిలిపెడితే తప్ప ఆటగాడు వేరేచోటికి పోలేని రిజర్వ్ నిబంధనా, జట్టు యజమాని జాన్ బ్రష్ తెచ్చిన జీతాల తరగతుల పథకమూ అందుకు కారణాలు. కమిస్కీ ఆటగాళ్ళ పక్షాన నిలిచి చికాగో జట్టును నడిపాడు. ఆ లీగ్ ఒక్క ఏడే బతికింది. 1891లో బ్రౌన్స్‌కు తిరిగి వచ్చి, 1892 నుంచి 1894 దాకా సిన్సినాటీ రెడ్స్ మేనేజరుగా పనిచేశాడు. రెడ్స్ యజమాని ఆ బ్రష్షే. మేనేజరుగా ఇతని మొత్తం లెక్క 840 విజయాలు, 541 ఓటములు.

యజమానిగా (1894–1910). సిన్సినాటీలో బాన్ జాన్సన్ అనే పత్రికా క్రీడా సంపాదకుడితో స్నేహం కుదిరింది. కమిస్కీ మద్దతుతోనే జాన్సన్ వెస్టర్న్ లీగ్ అధ్యక్షుడయ్యాడు. 1894 చివర కమిస్కీ ఆ లీగ్‌లోని సూ సిటీ జట్టును కొని మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌కు తరలించాడు. ఐదేళ్ళు అక్కడే. 1900లో జట్టును సొంత ఊరు చికాగోకు తెచ్చాడు. లీగ్ పేరు అమెరికన్ లీగ్‌గా మారింది. స్పాల్డింగ్ జట్టు వదిలేసిన పాత పేరు ‘వైట్ స్టాకింగ్స్’నే తన జట్టుకు పెట్టుకోవడం మంచి ఎత్తుగడ, అదే తర్వాత ‘వైట్ సాక్స్’గా కుదించుకుపోయింది. 39వ వీధిలో వాండరర్స్ క్రికెట్ జట్టు ఆడిన స్థలంలో చెక్క గ్యాలరీ కట్టించాడు. 1901 ఏప్రిల్ 24న, పెద్ద లీగ్ హోదాలో అమెరికన్ లీగ్ మొట్టమొదటి ఆట అక్కడే జరిగింది: చికాగో 8, క్లీవ్‌లాండ్ 2. ఆ రోజు జరగాల్సిన మిగతా మూడు ఆటలూ వానకు పోయాయి.

1906లో లీగ్ మొత్తంలో అతి తక్కువ బ్యాటింగ్ సగటు (.230) ఉన్న వైట్ సాక్స్, 116 ఆటలు గెలిచిన అదే నగరపు కబ్స్ జట్టును ప్రపంచ సిరీస్‌లో 4–2తో ఓడించింది. 1910 జూలై 1న, ఒకప్పుడు చెత్త పోసిన నేల మీద, ఉక్కు, కాంక్రీటుతో కట్టిన కమిస్కీ పార్క్ తెరుచుకుంది. తొలి ఆటలో సొంత జట్టు ఓడింది.

తర్వాతి కాలం. 1913–14లో న్యూయార్క్ జెయింట్స్‌తో కలిసి జట్టును ప్రపంచ యాత్రకు తీసుకెళ్ళాడు. జపాన్, ఆస్ట్రేలియా, కొలంబో, కైరోల మీదుగా లండన్ చేరి ఐదో జార్జి రాజు ఎదుట ఆడారు. రెండో బేస్ ఆటగాడు ఎడ్డీ కాలిన్స్‌ను 50,000 డాలర్లకు కొన్నాడు. 1917లో మళ్ళీ ప్రపంచ సిరీస్ గెలిచాడు. 1919 ప్రపంచ సిరీస్‌లో సిన్సినాటీ చేతిలో ఓటమి జూదగాళ్ళతో లోపాయికారీ ఒప్పందమని తేలింది. విచారణకు నిలిచిన ఆటగాళ్ళను కోర్టు నిర్దోషులని వదిలినా, బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ 1921లో ఎనిమిది మందిని ఆట నుంచి శాశ్వతంగా బహిష్కరించాడు. యజమాని పిసినారితనమే దీనికి మూలమని చాలాకాలం చెప్పుకున్నారు. 1919 నాటి వైట్ సాక్స్ జీతాల మొత్తం లీగ్‌లో పైవరసలోనే ఉందని తరువాతి పరిశోధకులు చూపారు. అయితే తాను ఒకనాడు ఎదిరించిన రిజర్వ్ నిబంధన కిందనే ఇతడు తన ఆటగాళ్ళను ఉంచాడన్నదీ నిజమే.

1931 అక్టోబరు 26న విస్కాన్సిన్‌లోని ఈగిల్ రివర్‌లో మరణించాడు. 1939లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. జట్టు కొడుకు లూయిస్‌కు, ఆపైన అతని భార్య గ్రేస్‌కు దక్కింది. 1959లో మనవరాలు డొరతీ తన మెజారిటీ వాటాను బిల్ వీక్‌కు అమ్మింది. పాత పార్క్‌ను 1991లో పడగొట్టారు. ఆ స్థలంలో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. హోం ప్లేటు ఉన్న చోట గుర్తుగా ఒక పలక ఉంది.