బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం

హైదరాబాద్ ఆగ్నేయ శివారులోని బాలాపూర్‌లో వినాయక నిమజ్జనం నాటి ఉదయం, స్వామి చేతిలోని లడ్డూకు జరిగే బహిరంగ వేలం పాట ఇది. వచ్చిన సొమ్మును గుడికి, ఊరి పనులకు ఖర్చు చేస్తారు. ఊళ్లో గణపతి ఉత్సవాలు 1980లోనే మొదలైనా, వేలం మాత్రం 1994లో వచ్చింది.

తొలి ఏడాది కొలను మోహన్‌రెడ్డి అనే రైతు 450 రూపాయలకు పాడుకున్నారు. ఇంటిల్లిపాదీ తిని, ఊళ్లో పంచి, మిగిలింది పొలంలో చల్లితే పంట బాగా పండిందని ఊరివారు చెప్పుకుంటారు. పంట సంగతి ఎలా ఉన్నా పాట మాత్రం పెరిగింది: మరుసటి ఏడు ఆయనే 4,500 పెట్టారు. 2002లో లక్ష దాటి 1,05,000కు, 2015లో పది లక్షలు దాటి 10,32,000కు చేరింది. పరుగు ఎప్పుడూ ఒకేలా లేదు. 1999లో 65,000 పలికినది మరుసటి ఏడు వెయ్యి మాత్రమే పెరిగింది. 2008 నుంచి 2011 దాకా అయిదు లక్షల దగ్గరే నింపాదిగా నడిచింది. కానీ వెనక్కి తగ్గిన ఏడాది లేదు.

లడ్డూ బరువు 21 కిలోలు. స్వామిని ఊరేగించి బొడ్రాయి దగ్గరికి తెచ్చాక పాట మొదలవుతుంది. స్థానికులు డబ్బు మరుసటి ఏడాది కట్టే వీలుండేది. బయటివారు అప్పటికప్పుడే చెల్లించాలి. 2024లో ఉత్సవ సమితి ఈ సడలింపును ఎత్తేసి, పాటలో దిగేవారంతా గత ఏడాది ధర 27 లక్షలను ముందే డిపాజిట్ చేయాలంది. నోటిమాట మీద నడిచే పాట కాదిక.

మంచి పనికి వేలంతో డబ్బు కూడబెట్టడం బాలాపూర్‌కే ప్రత్యేకం కాదు. కళాకారులు ఇచ్చిన బొమ్మలను వేలం వేసి, ప్రతులు అమ్మి వన్యప్రాణుల కోసం నిధి పోగుచేయడం పాశ్చాత్య దేశాల్లో వాడుకే. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ షెపర్డ్ 1973లో తన ‘టైగర్ ఫైర్’ చిత్రం ప్రతుల అమ్మకంతో భారతదేశంలోని పులుల కోసం 1,27,500 పౌండ్లు సమకూర్చాడు. బొమ్మ కొన్నవారి గోడ మీద నిలుస్తుంది, అవసరమైతే మళ్లీ అమ్ముడవుతుంది. ప్రసాదానికి మారుబేరం లేదు; పంచితేనే పుణ్యం. కాబట్టి ఇక్కడ లక్షలు పెట్టేవారికి దక్కేది నమ్మకం, దానితోపాటు పేరు. రెండోదాని వాటా ఏటా పెరుగుతోందనే అనాలి.

చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయ్యాక పాటదారులూ మారారు. 2013లో మాజీ మేయర్ తీగల కృష్ణారెడ్డి 9,26,000కు దక్కించుకున్నారు. కరోనా వల్ల 2020లో వేలం జరగలేదు. లడ్డూను అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌కు అందజేశారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్సీ రమేశ్ యాదవ్ మరొకరితో కలిసి 18,90,000కు పాడి, అప్పటి ముఖ్యమంత్రి జగన్‌కు కానుకగా ఇస్తానన్నారు. 2024లో కొలను శంకర్‌రెడ్డి 30,01,000కు గెలిచి ప్రధాని మోదీకి అంకితమన్నారు. పొలంలో చల్లిన ప్రసాదం ముప్ఫై ఏళ్లలో నాయకుల ఇళ్లకు దారి పట్టింది.

2025లో ధర 35 లక్షలకు చేరింది. అదే ఏడాది బండ్లగూడ జాగీర్‌లోని కీర్తి రిచ్‌మండ్ విల్లాస్‌లో లడ్డూ రెండు కోట్లు దాటింది. అక్కడి సొమ్ము సేవా కార్యక్రమాలకు వెళ్తుంది. రొక్కంలో బాలాపూర్ వెనకబడినా, నిమజ్జనం నాడు చాంద్రాయణగుట్ట, చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు సాగే ప్రధాన శోభాయాత్ర బాలాపూర్ గణేశుడితోనే మొదలవుతుంది.